పవర్ ప్లాంట్ చుట్టూ భారలోహాల కాలుష్యాన్ని నాచుతో కొలవొచ్చా?

"లోహాలు ఎక్కడ పడుతున్నాయి" అని అడిగితే నాచు చక్కగా చెబుతుంది. "గాలిలో ఎంత ఉన్నాయి" అంటే చెప్పదు. ల్యాబ్ ఇచ్చేది కిలో నాచుకి ఇన్ని మిల్లీగ్రాములని. దాన్ని ఘనపు మీటరు గాలికి ఇన్ని నానోగ్రాములన్న పరిమితి పక్కన పెట్టి వాదించేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంకో చిక్కు మన మాటతోనే. చెరువులో కాలు జారేదీ నాచే, బండ మీద మెత్తగా పరుచుకునేదీ నాచే. ఇక్కడ పనికొచ్చేది రెండోది. దానికి అసలైన వేర్లు లేవు, ఆకు మీద మందపాటి మైనపు పొర లేదు. తిండంతా వానలోంచి, దుమ్ములోంచి. స్వీడన్‌లో రూలింగ్, టైలర్ అనే శాస్త్రవేత్తలు 1960ల చివర్లో ఈ పద్ధతి మొదలుపెట్టింది అందుకే. యూరప్‌లో 1990 నుంచి ఐదేళ్లకోసారి ఈ సర్వే జరుగుతోంది.

పని చెడేది ఎక్కువగా నాచు ఏరే దగ్గరే. గోడ మీది నాచు వద్దు, సిమెంటు కలుస్తుంది. చెట్టు కొమ్మల అంచు నుంచి 3 మీటర్లు, పెద్ద రోడ్డు నుంచి 300, చిన్న రోడ్డు నుంచి 100 మీటర్లు ఎడం ఉండాలి. 50 మీటర్ల చదరంలో కనీసం ఐదు చోట్ల తీసి కలపాలి. అన్ని పాయింట్లలోనూ ఒకే జాతి. పౌడరు లేని గ్లవ్స్ వేసుకోండి.

కడగొద్దు! మనకి కావలసిన దుమ్మే నీళ్లలో పోతుంది. ఆకులు, మట్టి చేత్తో ఏరి పారేసి, పచ్చగా ఉన్న చివరి మూడేళ్ల పెరుగుదల మాత్రం తుంచుకోవాలి. హైలోకోమియం స్ప్లెండెన్స్ అనే జాతి నాచు అయితే సులువు: ఏడాదికొక మెట్టు లేస్తుంది, పైనుంచి మూడు లెక్కపెట్టడమే. 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. వేడి పెంచితే పాదరసం ఎగిరిపోతుంది. తర్వాత నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి ఐసీపీ-ఎంఎస్‌లో (లోహాలు ఎంతున్నాయో కొలిచే ల్యాబ్ యంత్రం) చదవడం.

పవర్ ప్లాంట్ కాకపోయినా, అమెరికాలోని పోర్ట్‌లాండ్ సంగతి చూడండి. 2013 డిసెంబరులో చెట్ల మానుల మీంచి (అక్కడి పద్ధతి వేరు) 346 నాచు నమూనాలు తీస్తే, కాడ్మియం మ్యాపులో రంగు గాజు ఫ్యాక్టరీల చుట్టూ ఎర్రగా తేలింది. 2015 అక్టోబరులో ఒక ఫ్యాక్టరీ దగ్గర గాలిని కొలిచే యంత్రం పెడితే, కాడ్మియం రాష్ట్రం పెట్టుకున్న ప్రమాణానికి 49 రెట్లు. చోటు చూపించింది నాచు, అంకె చెప్పింది యంత్రం.

థర్మల్ ప్లాంట్ దగ్గర చాలామంది గేటు పక్కనే ఏరుకొచ్చి "ఏమీ లేదు" అంటారు. ఎత్తైన చిమ్నీ పొగలోది కొన్ని కిలోమీటర్ల అవతల కూడా పడుతుంది. గాలి వాలున దూరదూరంగా పాయింట్లు పెట్టండి. బూడిద చెరువు (ప్లాంటు బూడిద పోసే చోటు) దుమ్ము మాత్రం దగ్గర్లోనే పడుతుంది, దాన్ని విడిగా చూడాలి. బొగ్గయితే ఆర్సెనిక్, సెలీనియం, ఆయిలయితే వెనేడియం, నికెల్ అడగండి. అల్యూమినియం తప్పనిసరి: ఆర్సెనిక్‌కీ దానికీ ఉన్న నిష్పత్తి స్థానిక మట్టిలోలాగే ఉంటే మీరు కొలిచింది చాలావరకు నేల దుమ్మే.

నాచు పెరగని చోట సంచులు కట్టొచ్చు. శుభ్రం చేసిన స్ఫాగ్నం అనే రకం నాచు రెండు మూడు గ్రాములు, నైలాన్ వలలో వదులుగా. బిగించి కుక్కితే లోపలికి దుమ్ము చేరదు. స్తంభానికి ఆరేడు వారాలు వేలాడదీసి దించాలి. అదే కట్టలోంచి కొన్ని సంచులు అసలు బయట పెట్టకుండా మూసి ఉంచుకోండి, వచ్చిన అంకెలోంచి వాటి అంకె తీసేయాలి.