ఇప్పుడు ఏ కోర్సు నేర్చుకోవాలి అన్నా?

ఎంఎస్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్ళు, ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో కొన్నాళ్ళు పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మొదలైనా ఉద్యోగం దొరక్క టెన్షన్ పడుతున్నవాళ్ళు, అప్పుడప్పుడు ఊరి నుంచి వాళ్ళ నాన్నగార్లు కూడా నన్ను అడిగేది ఇదే. జావా అయిపోయిందంటున్నారు, డేటా ఇంజనీరింగ్‌లోకి వెళ్ళనా, ఏఐ ఏజెంట్లు నేర్చుకోనా అని. అమీర్‌పేట మనకి చేసిన అలవాటు ఇది. వై2కే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్, తర్వాత టెస్టింగ్ టూల్స్, ఇన్ఫర్మాటికా, సేల్స్‌ఫోర్స్, డెవాప్స్, ఏది నడుస్తుంటే ఆ బోర్డు. అలా వచ్చి అమెరికాలో ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, కాదనను. కానీ అప్పట్లో పని బోలెడు, టూల్ వచ్చినవాళ్ళు కొద్దిమంది. ఇప్పుడు టూల్ ఎలా వాడాలో టూలే చెప్పేస్తోంది.

అన్నిటికీ ఏఐనే తిట్టుకోవద్దు. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబర్ ఆఖర్లో. అదే ఏడాది మార్చిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టి, దాదాపు సున్నా నుంచి 2023 జులైకల్లా 5.25-5.5 శాతానికి తీసుకెళ్ళింది, కోవిడ్ టైమ్‌లో చవక డబ్బుతో ఎడాపెడా మనుషుల్ని తీసుకున్న కంపెనీలు అంతే వేగంగా తీసేశాయి. ఆ పైన ఇక్కడి పనిలో కొంత హైదరాబాద్‌లోని వాళ్ళ సొంత సెంటర్లకి వెళ్ళిపోయింది. ఏఐ దెబ్బ సూటిగా తగిలింది మాత్రం ఫ్రెషర్లకే. చిన్న చిన్న బగ్‌లు, యూనిట్ టెస్టులు, రిపోర్టులు కొత్తవాళ్ళకి ఇచ్చి పని నేర్పేవాళ్ళం, ఇప్పుడు సీనియర్ కాఫీ తాగుతూ అవన్నీ ఏఐతో చేయించేసుకుంటున్నాడు.

మరి ఏం మిగిలింది? నేను పనిచేసేది ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ఇక్కడ ఆసుపత్రి నుంచి ఇన్సూరెన్స్ కంపెనీకి బిల్లు 837 అనే ఫైలుగా వెళ్తుంది, వాళ్ళు ఎంత కట్టారు, ఎంత కోశారు, ఎందుకు కోశారు అన్నది 835 అనే ఫైలుగా తిరిగొస్తుంది. ఈమధ్య మా టీమ్‌లో ఒక కుర్రాడు 835 చదివే ప్రోగ్రామ్‌ని పూటలో ఏఐతో రాయించేశాడు. కోడ్ ముచ్చటగా ఉంది, టెస్టులన్నీ పాస్. కాకపోతే మైనస్‌లో ఉన్న మొత్తాల్ని చెత్త డేటా అనుకుని పక్కన పడేస్తోంది. ఇన్సూరెన్స్ కంపెనీ ముందు కట్టిన డబ్బుని వెనక్కి తీసుకుంటే స్టేటస్ 22తో మైనస్ మొత్తం వస్తుంది, దాని వెనకే సరిచేసిన క్లెయిమ్ వస్తుంది. ఆ మైనస్‌ని పడేస్తే ఒకే వైద్యానికి రెండుసార్లు డబ్బు అందినట్టు లెక్క తేలుతుంది. పట్టుకున్నది ఎవరో తెలుసా, బిల్లింగ్ డిపార్ట్‌మెంట్ నుంచి మా దగ్గరికి వచ్చిన ఒకావిడ. ఆవిడకి కోడింగ్ అంతంతమాత్రమే.

అందుకే నేను కోర్సు పేరు చెప్పను, ఒక వ్యాపారం పట్టుకోండి అంటాను. బ్యాంకుల సెటిల్‌మెంట్, పేరోల్, ఇన్సూరెన్స్, మందుల తయారీ, కరెంటు గ్రిడ్, ఏదైనా సరే, అందులో డబ్బు ఎటు నుంచి ఎటు కదులుతుందో, తప్పు జరిగితే ఎవరు సంతకం పెట్టి జవాబు చెప్పాలో తెలిసుండాలి. చదువుకునే రోజుల్లోనే మొదలుపెట్టొచ్చు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోనిస్తారు కదా, డైనింగ్ హాల్‌కి వెళ్ళేముందు యూనివర్సిటీ అకౌంట్స్ ఆఫీసులో, మెడికల్ స్కూల్ ల్యాబుల్లో ఓసారి అడిగి చూడండి. ప్రాజెక్టు అనగానే అందరూ చేసే సినిమా రికమెండేషన్ సిస్టమ్ మళ్ళీ చేయకండి బాబూ, చూసీ చూసీ మా కళ్ళు కాయలు కాశాయి.

ఇక కన్సల్టెన్సీవాళ్ళు అయిదేళ్ళ అనుభవం ఉన్నట్టు రెజ్యూమె తయారుచేస్తాం, ఇంటర్వ్యూలో పక్కన మనిషిని పెడతాం అంటే దండం పెట్టి వచ్చేయండి. పెద్ద కంపెనీలు కూడా మళ్ళీ ఆఫీసుకి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతున్నాయి, "ఇలా ఎందుకు రాశావు" అన్న ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. అబద్ధం వీసా కాగితాల్లోకి ఎక్కిందంటే గ్రీన్‌కార్డు దాకా వెంటాడుతుంది.

హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ కూడా 2026 నుంచి మారింది, వేతన స్థాయి పెరిగేకొద్దీ అవకాశం ఎక్కువ, మొదటి స్థాయి జీతంతో చేరే ఫ్రెషర్‌కి అందరికన్నా తక్కువ. కాబట్టి ఏదో ఒకటిలే అని చేరే ముందు ఆఫర్ ఏ స్థాయిలో ఉందో అడగండి.

ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదన్నది మీకు తెలిసిందే, స్టెమ్ పొడిగింపు (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల డిగ్రీలవాళ్ళకి ఓపీటీ పెంచడం) వస్తే మొత్తం కలిపి 150. చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. మొదటి ఏడాది ఓపీటీలో జీతం లేకపోయినా, మీ చదువుకి సంబంధించిన పని, చట్టం ఒప్పుకునే వాలంటీర్ పని, వారానికి కనీసం 20 గంటలు చేస్తే ఆ రోజులు ఖాళీ రోజుల కింద పడవు. యూనివర్సిటీ ల్యాబుల్లో, సేవా సంస్థల్లో ఇలాంటివి దొరుకుతాయి. మీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పి రికార్డులో ఎక్కించుకుని, పని ఇచ్చినవాళ్ళ దగ్గర ఉత్తరం తీసుకుని దాచుకోండి. స్టెమ్ పొడిగింపులో ఇది కుదరదు, అక్కడ జీతం ఉండాల్సిందే, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ ఫారం మీద కంపెనీ సంతకం ఉండాల్సిందే.