బొగ్గుల్ని ఒక పక్కకి నెట్టు

అమ్మడూ, ఆశీస్సులు.

ఈ ఎండాకాలం పన్నెండుమందిని ఆరుబయట గ్రిల్ వంటకి పిలిచావట. నూనె, ఉప్పు తగ్గించి తేలిగ్గా పెట్టాలంటున్నావు. మంచిదే, కానీ ముందు చూసుకోవాల్సింది నిప్పు. కొవ్వు కారి బొగ్గుల మీద పడితే భగ్గున మంట లేస్తుంది. ఆ పొగలోని పీఏహెచ్‌లనే హానికర రసాయనాలు ముక్కకి అంటుకుంటాయి. మాంసం మరీ ఎక్కువ వేడికి మాడితే హెచ్‌సీఏలనే ఇంకో రకం హానికర రసాయనాలు తయారవుతాయి. జంతువుల మీద పరీక్షల్లో ఈ రెండు రకాలూ క్యాన్సర్ తెచ్చాయి. మాడిన చోట కోసి పారెయ్యమని నీకు ఎవరూ చెప్పక్కర్లేదు, అసలు మాడనివ్వకపోతే ఇంకా నయం.

బొగ్గులు రాజేశాక 20-30 నిమిషాలు ఆగు. పైన బూడిద పొర కమ్మాక అన్నిటినీ ఒక సగానికి నెట్టి, రెండో సగం ఖాళీగా ఉంచు. నిప్పులున్న వైపు ఒక్కో పక్క రెండు నిమిషాలు రంగు రానిచ్చి, ఖాళీ వైపుకి జరిపి మూత పెట్టెయ్. లోపలంతా ఆ మూత కిందే ఉడుకుతుంది. మంట లేస్తే నీళ్లు చల్లకు, బూడిద ఎగిరి తిండి మీద పడుతుంది. పట్టకారుతో ముక్కని పక్కకి లాగు, చాలు.

చికెన్ ఎముక లేనిది, చర్మం తీసింది కిలోన్నర తీసుకో. మందంగా ఉంటే అడ్డంగా చీల్చి 2 సెంటీమీటర్లకి తీసుకురా, లేకపోతే బయట మాడినా లోపల పచ్చిగానే ఉంటుంది. దానికి 300 గ్రాముల పెరుగు, రెండు నిమ్మకాయల రసం, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల మిరియాల పొడి, రెండు పెద్ద చెంచాల నూనె, 15 గ్రాముల ఉప్పు. మనిషికి గ్రామున్నర కూడా పడదు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, కాబట్టి మిగతా వంటకాలకీ చోటుంటుంది. ఇలా ఊరబెడితే హెచ్‌సీఏలూ తగ్గుతాయి. ఫ్రిజ్‌లో రెండు గంటలు చాలు. నిమ్మరసంలో రాత్రంతా ఉంచితే ముక్క పైభాగం తెల్లగా పాలిపోయి, నోట్లో పిండిలా తగులుతుంది. మిగిలిన ఊరను మళ్లీ ముక్కలకి పూయకు, పారబొయ్.

రంగు చూసి ఉడికిందనుకోవద్దు. థర్మామీటర్ మొనని పక్క నుంచి ముక్క నడుమ దాకా దించు, మొన అవతలికి పొడుచుకురాకూడదు. 74 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే తియ్. చేపకి 63 చాలు, ఖైమా ఉండలకి 71 రావాలి. సీసా సాస్ పూయాలంటే ఆఖరి ఐదు నిమిషాల్లో పుయ్యి, అందులోని చక్కెర ఇట్టే మాడుతుంది.

కూరగాయలు మూడు కిలోలు తెచ్చుకో, ముందు వాటినే కాల్చి బల్ల మీద పెట్టు. ఆకలితో వచ్చినవాళ్లు ఎదురుగా ఏది ఉంటే దాంతో మొదలెడతారు. క్యాప్సికం, ఉల్లి, వంకాయ, పుట్టగొడుగులు ఏవైనా సరే. కిలోకి ఒక పెద్ద చెంచా నూనె మించొద్దు, కారితే మళ్లీ మంటే. ఉప్పు కాల్చాకే చల్లు. ముందే వేస్తే నీరూరి, కాలాల్సినవి ఉడికిపోతాయి. మాంసం, కూరగాయలు ఒకే పుల్లకి గుచ్చడం చూడ్డానికి బాగుంటుంది గానీ నాకు నచ్చదు: చికెన్ ఉడికేసరికి క్యాప్సికం నల్లబడిపోతుంది. చెక్క పుల్లలైతే అరగంట నీళ్లలో నానెయ్.

పచ్చి మాంసం ఉంచిన ఐసు పెట్టెలో నీళ్ల సీసాలు పెట్టకు. తాగడానికి పది నిమిషాలకోసారి మూత తీస్తారు, ఐసు కరిగిపోతుంది. పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలో ఉడికినవి పెట్టొద్దు. ఎండ 32 డిగ్రీలు దాటితే వండినదైనా బయట గంట కంటే ఎక్కువ ఉంచకు, చల్లగా ఉంటే రెండు గంటలు.

గ్రిల్ జాలీ తోమడానికి ఇనుప తీగల బ్రష్ వద్దు. ఒక తీగ ఊడి తిండికి అంటుకుంటే గొంతులో దిగుతుంది. జాలీ వేడిగా ఉండగా సగం కోసిన ఉల్లిపాయని పొడుగాటి ఫోర్కుకి గుచ్చి, కోసిన వైపుతో గట్టిగా రుద్దు. నల్లగా అయిన పొర కోసేసి మళ్లీ రుద్దు.

ఇట్లు,
పెద్దమ్మ