మోడిఫై చేసిన మోటోక్రాస్ బైక్‌కి పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నా దగ్గర 250 సీసీ ఫోర్ స్ట్రోక్ మోటోక్రాస్ బైక్ (మట్టి ట్రాక్ రేసులకి నడిపేది) ఉంది, కొత్తది కొన్నది నేనే, రెండో ఓనర్ లేడు. రేసులకి వెళ్ళే రోజుల్లో దానికి పెట్టని ఖర్చు లేదు, 290 సీసీ బిగ్ బోర్ కిట్ (సిలిండర్, పిస్టన్ పెద్దవి చేసేది), హెడ్ పోర్టింగ్ (ఇంజిన్ పైభాగంలో గాలి దారులు చెక్కడం), టైటానియం ఫుల్ ఎగ్జాస్ట్, ఈసీయూ మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో ఫ్యూయల్ లెక్క మార్చడం), హైడ్రాలిక్ క్లచ్, నా బరువుకి తగ్గట్టు ముందూ వెనకా సస్పెన్షన్ సెట్టింగ్, కొత్త రిమ్స్. ఈ బిల్లులన్నీ కూడితే బైక్ ధర దాటిపోయింది. ఇప్పుడు మోకాలు సహకరించట్లేదు, అమ్మేద్దామని పెడితే వచ్చినోళ్ళంతా స్టాక్ బైక్ (కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నది) రేటు కూడా ఇవ్వం అంటున్నారు. అంత మంచి బైక్‌కి ఇంత తక్కువ ఎందుకు అడుగుతున్నారు? స్టాక్ పార్టులు చాలావరకు దాచే ఉంచా.

జవాబు: మీ బాధ అర్థమైంది. చెమటోడ్చి తయారు చేసుకున్న బైక్‌ని ఎవరో వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి సగం రేటు చెప్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం ఉంది చూశారూ, స్టాక్ పార్టులు దాచా అన్నది, మీ డబ్బు అక్కడుంది, దాన్ని పట్టుకుని మాట్లాడదాం.

ముందు కొనేవాడి వైపు నుంచి చూడండి. ఎగ్జాస్ట్, రిమ్స్ చూసి అతను "బాగుంది" అంటాడు, మనసులో మాత్రం ఈ బైక్‌ని ఎంత గట్టిగా నడిపి ఉంటారో అనుకుంటాడు. పవర్ పెంచినోడు ఆ పవర్ వాడకుండా ఉండడు కదా. మోటోక్రాస్ బైక్‌కి కిలోమీటర్ల లెక్క లేదు, గంటల లెక్కే, రేసుల్లో వాడితే పిస్టన్ ఎన్ని గంటలకి మార్చాలో తయారీదారు మాన్యువల్లోనే రాసి ఉంటుంది. పోనీ మీటర్ ఉందిగా అంటారా, చాలా బైకులకి అది బయట కొని తగిలించిన చిన్న డబ్బా, విప్పి కొత్తది పెడితే సున్నా నుంచి మొదలు. అందుకే మీటర్ని ఎవరూ పెద్దగా నమ్మరు, బిల్లులని నమ్ముతారు.

మీ రేటుని అన్నిటికన్నా ఎక్కువ కిందికి లాగేది ఆ 290 కిట్టే. అంతర్జాతీయ పోటీల్లో ఎంఎక్స్2 క్లాసులో ఫోర్ స్ట్రోక్‌కి 250 సీసీనే హద్దు, పై క్లాసు ఎంఎక్స్‌జీపీలో 450 దాకా. 250 క్లాసులు నడిపే చాలా చోట్ల ఇదే గీత. 290 పెట్టగానే మీ బైక్ 250 క్లాసుకి పనికిరాకుండా పోయింది, 450లతో నిలబడితే స్టార్ట్‌లోనే వెనకబడుతుంది. అంటే 250 కొనాలని చూసే రేసర్లలో చాలామంది మీ బైక్ వైపు రారు, సరదాగా తిప్పుకునేవాళ్ళే మిగులుతారు, వాళ్ళకేమో ఇంజిన్‌లో చెయ్యి పెట్టారంటేనే భయం. కంప్రెషన్ కూడా పెంచి ఉంటే మామూలు పెట్రోల్‌తో నాకింగ్ (ఇంజిన్‌లో టకటక కొట్టడం) రావచ్చు, రేస్ ఫ్యూయల్ పోయాల్సిందే అంటే ఆ ఖర్చు తలుచుకుని ఇంకొందరు తప్పుకుంటారు.

ఇక్కడ మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ కిట్ సిలిండర్‌తో సహా వచ్చిందా, లేక మీ ఒరిజినల్ సిలిండర్‌నే పెద్దది చేసి మళ్ళీ లోపల ప్లేటింగ్ వేయించారా? సిలిండర్ కిట్ అయితే అదృష్టమే, పాత సిలిండర్‌లో గీతలు లేవని కొలిపించి కొత్త పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు వేసి పెడితే మళ్ళీ 250 అయిపోతుంది. ఈసీయూలో స్టాక్ మ్యాప్ ఎక్కించడం మాత్రం మర్చిపోవద్దు, 290కి రాసిన ఫ్యూయల్ లెక్క 250కి సరిపోదు. ఉన్న సిలిండర్‌నే బోర్ చేయించి ఉంటే వెనక్కి తేవాలంటే ఇంకో సిలిండర్ కొనాలి, అప్పుడు ఆ ఖర్చుకి తగ్గట్టు రేటు పెరుగుతుందా లేదా లెక్క వేసుకోండి, పెరగకపోతే 290గానే ఓపెన్ క్లాస్ (సీసీ హద్దు పెట్టని పోటీ) వాళ్ళకి చూపించండి. హెడ్ పోర్టింగ్ తిరిగి రాదు, మెటల్ తీసేశాక తీసేసినట్టే, అడిగితే దాచకుండా చెప్పేయండి.

బయట తగిలించే పార్టులకైతే నా సలహా ఒకటే, విప్పండి. ఎగ్జాస్ట్, క్లచ్, రిమ్స్ అన్నీ విప్పి స్టాక్‌వి బిగించి బైక్ వేరే, పార్టులు వేరే అమ్మండి. బైక్ మీద ఉన్నంతసేపు ఆ ఎగ్జాస్ట్ మీద కొనేవాడు ఒక్క పైసా పెంచడు, అదే విడిగా పెడితే అదే మోడల్ ఉన్న ఇంకొకడు దానికోసమే వెతుకుతూ ఉంటాడు. సొట్టలు లేకుండా, బ్రాకెట్లు, స్ప్రింగులు అన్నీ ఉంటే మంచి రేటే వస్తుంది, అయినా కొన్న ధర ఆశించకండి, సగం వచ్చినా బాగానే వచ్చినట్టు. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు, మోడల్ మారి మౌంటింగులు మారిపోతే ఆ పార్టు అడిగేవాళ్ళు తగ్గిపోతారు.

సస్పెన్షన్ సంగతి కొంచెం వేరు. మీరు దాని మీద బాగా ఖర్చు పెట్టారు, ట్రాక్ మీద నిజంగా తేడా తెలిసేదీ అదే, కానీ అది మీ బరువుకి కుట్టించుకున్న చొక్కా. మీరు 90 కిలోలు, కొనేవాడు 65 కిలోలు అనుకోండి, అతను కూర్చుంటే వెనక భాగం సరిగ్గా దిగదు, 100 మిల్లీమీటర్ల అటూ ఇటూ రావాల్సిన సాగ్ (మనిషి బరువుకి సస్పెన్షన్ దిగే లోతు) రాదు, బైక్ గట్టిగా కొడుతోంది, బాలేదు అనేసి వెళ్ళిపోతాడు. స్టాక్ స్ప్రింగులు ఉంటే బైక్‌తో పాటే ఇచ్చేయండి, ఏ స్ప్రింగ్ రేటు వేశారో, ఎంత బరువుకి సెట్ చేయించారో కాగితం మీద రాసి పెట్టండి. ఇంచుమించు మీ బరువే ఉన్నవాడు దొరికితే మాత్రం అతనికి అది వరమే, అలాంటివాడి దగ్గర కాస్త గట్టిగా బేరం ఆడొచ్చు.

ఇక ఇంజిన్ నమ్మకం. చూడ్డానికి వచ్చేవాడికి బైక్ చల్లగా ఉండాలి, ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టకండి. తెలిసినవాడు వస్తూనే ఇంజిన్ మీద చెయ్యి పెడతాడు, వేడి తగిలితే చల్లగా స్టార్ట్ అవ్వదేమో అనుకుంటాడు, ఆ అనుమానంలో న్యాయం ఉంది. ఇలాంటి ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వులు చాలావాటికి టైటానియంవి, పైన గట్టి కోటింగ్ ఉంటుంది, అది అరిగిపోయాక వాల్వ్ సీటులోకి దిగుతూ ఉంటుంది, క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సందు) తగ్గిపోతుంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది. షిమ్ (ఆ సందు సరిచేసే చిన్న బిళ్ళ) మార్చి సర్దొచ్చు, కానీ మళ్ళీ మళ్ళీ మార్చాల్సి వస్తోందంటే వాల్వుల పని అయిపోయినట్టే. అమ్మే ముందు క్లియరెన్స్ కొలిపించి, లీక్ డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత లీకవుతోందో చూసేది) చేయించి ఆ చీటీ దగ్గర పెట్టుకోండి. పెద్ద ఖర్చు కాదు, ఆ చీటీ చూపిస్తే అడ్డదిడ్డంగా బేరం ఆడేవాడు కూడా ఆగుతాడు.

ఫ్రేమ్‌కి కొత్త పెయింట్, పౌడర్ కోటింగ్ మాత్రం వేయించకండి. పగులు దాచారనే అనుకుంటారు. బూట్లు రాసుకుని అరిగిన గుర్తులు ఉండనివ్వండి, శుభ్రంగా కడిగి, కొన్న రసీదు, ఫ్రేమ్ నంబర్ కనపడే ఫొటో సిద్ధంగా పెట్టుకుంటే చాలు, ఎందుకంటే దొంగ బైకుల భయం ఈ మార్కెట్లో చాలా ఉంది.

రేటు చెప్పేటప్పుడు మీ బిల్లుల మొత్తం ఎంతో నోటికి రానివ్వకండి. అదే సంవత్సరం స్టాక్ బైకులు ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి, అడిగిన రేటు కాదు, చేతులు మారిన రేటు. అక్కడ మొదలుపెట్టి పిస్టన్ కొత్తదైతే కొంచెం పైకి, టైర్లు, చైన్, స్ప్రాకెట్లు అరిగిపోతే కొంచెం కిందికి.

ప్రశ్న: సార్, పైన చెప్పినలాంటి బైకే నాకు తక్కువలో వస్తోంది, బిగ్ బోర్, రేస్ ఎగ్జాస్ట్ అన్నీ ఉన్నాయంటున్నారు. నేను రేసులకి వెళ్ళను, సెలవు రోజుల్లో తిప్పుకోవడానికే. తీసుకోవచ్చా?

జవాబు: ఇంజిన్ పని ఎవరు చేశారో, ఏ పార్టులు వేశారో బిల్లు చూపిస్తే తీసుకోవచ్చమ్మా, "మా ఫ్రెండే చేశాడు" అంటే వద్దు. చూడ్డానికి వెళ్ళినప్పుడు సీటు తీయించి ఎయిర్ ఫిల్టర్ బయటికి లాగు, ఫిల్టర్ దాటాక ఉండే రబ్బర్ గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడువు. గుడ్డకి మట్టి అంటితే ఆ దుమ్ము ఇంజిన్‌లోకి వెళ్తోందని అర్థం, వాల్వులూ సిలిండరూ గీసుకుపోయి ఉంటాయి, ఇంకేం చూడక్కర్లేదు, వచ్చేయ్. గుడ్డ శుభ్రంగా ఉంటే బైక్‌ని స్టాండ్ మీద ఎక్కించి వెనక చక్రాన్ని పైకి కిందికి ఆడించు, టక్కుమని ఆడితే వెనక సస్పెన్షన్ లింకేజ్ బేరింగులు పోయినట్టు, అది బాగు చేయించుకోవచ్చు, ఆ ఖర్చు రేటులో తగ్గించమని అడుగు. ఒరిజినల్ పార్టులు ఉన్నాయా అని తప్పకుండా అడుగు, ఉంటే వాటితో కలిపే మాట్లాడుకో, రేపు నువ్వు అమ్మేటప్పుడు అవి కావాలి. మొదటిసారి మోటోక్రాస్ బైక్ కొంటున్నావా అన్నది రాయలేదు నువ్వు, మొదటిసారే అయితే నేను స్టాక్ బైకే తీసుకోమంటాను, 290 లాగుడు చేతులకి అలవాటు కావడానికి టైం పడుతుంది.