బ్రేక్ స్విచ్ చెడితే గేర్‌బాక్స్ బిల్లు కట్టాలా?

ప్రశ్న: మాది అనంతపురం. రెండేళ్ల కిందట బెంగళూరు షోరూంలో 11 లక్షలు పెట్టి ఆటోమేటిక్ కారు కొన్నాను. వారంటీ ఇంకా ఉంది. ఈమధ్య బ్రేక్ తొక్కినా గేర్ లివర్ ‘పీ’ (పార్కింగ్) నుంచి కదలడం లేదు. ఒక్కోసారి ఇంజినూ స్టార్ట్ కాదు. సర్వీస్ సెంటర్‌ వాళ్లు గేర్‌బాక్స్ పోయిందన్నారు. బయట ఎల్ఈడీ లైట్లు వేయించానని వారంటీ ఇవ్వకుండా 38 వేలు కట్టించుకున్నారు. వారం తిరక్కుండా మళ్లీ అదే గోల. మా వీధి మెకానిక్ బ్రేక్ పెడల్ స్విచ్ పోయిందంటున్నాడు. డబ్బు వెనక్కి వస్తుందా? కారే మార్చి ఇమ్మని అడగొచ్చా?

జవాబు: కారు ఆశ వదులుకోండి. మారుతీ ఉద్యోగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: వారంటీలో చెడిన భాగం మారుస్తామని ఉంటే, అడగాల్సింది ఆ భాగమే, బండి కాదు. 38 వేల సంగతి వేరు, దాని మీద గట్టిగా పోరాడొచ్చు. అయితే మెకానిక్ నోటిమాట చాలదు, కాగితం కావాలి.

పెడల్ తొక్కిన సంగతి కారు కంప్యూటర్‌కు చెప్పేది ఆ స్విచ్చే. ఆ కబురు అందకపోతే లివర్ లాక్ విడవదు, స్టార్ట్ బటన్ పలకదు, వెనక బ్రేక్ లైట్లూ వెలగవు. ఎవరినైనా వెనక నిలబెట్టి పెడల్ తొక్కండి, ఫోన్లో వీడియో తీయించండి. లైట్లన్నీ ఒకేసారి ఆగిపోతే తప్పు బల్బులది కాదు. ముందు ఫ్యూజ్ చూడాలి, తర్వాత స్విచ్, దాని వైరింగ్. లైట్లు వెలిగినా స్విచ్ బాగున్నట్టు కాదు. చాలా స్విచ్‌లలో రెండు కాంటాక్టులుంటాయి, ఒకటి పోయి ఒకటి మిగలొచ్చు. స్కానర్ పెట్టిస్తే బ్రేక్ స్విచ్ లోపాన్ని చూపే పీ0571, పీ0504 లాంటి కోడ్లు రావొచ్చు. ఏది వచ్చినా ప్రింట్ తీసుకోండి.

ఇవన్నీ అయ్యేదాకా స్విచ్ మార్పించకండి. సర్వీస్ సెంటర్‌కు ఈమెయిల్ పెట్టి, వేరే మెకానిక్‌తో రాతపూర్వకంగా రిపోర్టు తీసుకుని, అప్పుడు మార్పించండి. పాత స్విచ్‌ను కవర్లో వేసి బీరువాలో పెట్టండి. కేసు వేశాక అవసరమైతే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపుతుంది. అలాగని నెలల తరబడి లాగకండి. బ్రేక్ లైట్లు లేని బండితో హైవే ఎక్కితే, వెనక నుంచి ఎవరో గుద్దినా తప్పులో వాటా మీకూ రావొచ్చు.

ఎల్ఈడీ లైట్ల వల్లే పాడైందంటే, ఆ సంగతి చూపించాల్సింది వాళ్లే. కానీ ఆ లైట్లకు బ్రేక్ లైటు వైరు నుంచే జాయింట్ కొట్టారా? కొట్టి ఉంటే వాళ్ల వాదనకు బలం వస్తుంది. ఈ సంగతి మీ వకీలు దగ్గర దాచకండి.

బెంగళూరు తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే, అంటే అనంతపురం జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. రిపేరు సేవ మీదే ఫిర్యాదు చేస్తే విలువ 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. కారు ధర మీద వేస్తే 400 రూపాయలు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది.

జాబ్ కార్డు, అంటే మీ ఫిర్యాదు, చేసిన పని సర్వీస్ సెంటర్‌ వాళ్లు రాసిన కాగితం, తీసి చూడండి. ‘లివర్ కదలడం లేదు’ అన్న మీ ఫిర్యాదు రాసుకుని కూడా బ్రేక్ స్విచ్ చెక్ చేసినట్టు ఎక్కడా లేకపోతే, సేవాలోపానికి అదే మంచి ఆధారం. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మీ విషయంలో ఆ 38 వేల బిల్లు తేదీ నుంచి లెక్కేసుకోండి.