లక్ష అడ్రెసులు కొనొద్దు, మీ ఆర్డర్ల లిస్టు తెరవండి

ప్రశ్న: మాది కాశీబుగ్గ. చిన్న జీడిపప్పు వ్యాపారం. రెండేళ్లుగా వెబ్‌సైట్ పెట్టి ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నాం. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. బ్యాంకు కోచింగ్‌లో చేరమంటే, ఈమెయిల్ మార్కెటింగ్ నేర్చుకుని ముందు మన వ్యాపారానికే చేసి చూపిస్తానంటోంది. విశాఖలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డిజిటల్ మార్కెటింగ్ కోర్సుకు నలభై వేలు అడుగుతున్నారు. వాట్సాప్ ఉండగా మెయిల్స్ ఎవరు చూస్తారండీ? దీనికి ఉద్యోగాలు ఉంటాయా? ఈమధ్య ఒకతను ఫోన్ చేసి లక్ష మంది ఈమెయిల్ అడ్రెసులు ఎనిమిది వేలకు ఇస్తానన్నాడు. అవి కొనిస్తే అమ్మాయికి పని సులువవుతుందా?

జవాబు: ముందు ఆ లక్ష అడ్రెసుల సంగతి తేల్చేద్దామండీ. కొనొద్దు. ఎనిమిది వేలు పోతాయని మాత్రమే కాదు, దాంతో మీ వెబ్‌సైట్ పేరే పాడవుతుంది.

ఎలాగో చెబుతాను. ఆ లక్ష మందిలో మీ పేరు విన్నవాళ్లు ఒక్కరూ ఉండరు. చాలా అడ్రెసులు ఎప్పుడో మూతపడి ఉంటాయి, వాటికి పంపిన మెయిల్ తిరిగొస్తుంది. బతికున్న అడ్రెసుల్లో కొందరు విసుక్కుని ‘స్పామ్’ బటన్ నొక్కుతారు. పెద్ద ఎత్తున మెయిల్స్ పంపేవాళ్లకు (జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000, ఆపైన) జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి గట్టి నిబంధనలు పెట్టాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మందిలో ముగ్గురు నొక్కితే గీత దాటినట్టే. గూగుల్ అయితే 0.1 శాతం లోపే ఉంచుకోమంటుంది. తక్కువ మెయిల్స్ పంపేవాళ్లను కూడా ఆ లెక్కతోనే అంచనా వేస్తారనుకుని నడుచుకోవడం మంచిది. ఒకసారి మీ డొమైన్‌కు, అంటే మీ వెబ్‌సైట్ అడ్రెసుకు, చెడ్డపేరు వచ్చిందంటే, బెంగళూరులో డబ్బు కట్టిన అసలు కస్టమర్‌కు మీరు పంపే ఆర్డర్ కన్ఫర్మేషన్ కూడా స్పామ్‌లోకి పోతుంది. ఆయనేమో ‘డబ్బులు కట్టించుకుని ఉలుకూ పలుకూ లేదు’ అని ఫోన్ చేస్తాడు. పైగా ఒకేసారి చాలామందికి మెయిల్ పంపిపెట్టే పేరున్న సర్వీసులు కొన్న లిస్టులను ఒప్పుకోవు, అకౌంట్ ఆపేస్తాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మనిషి సమ్మతినే ముఖ్యంగా చూస్తుంది. ఆ ఫోన్ చేసినతని దగ్గర ఎవరి సమ్మతి ఉంటుంది చెప్పండి?

అసలు లిస్టు మీ ఇంట్లోనే ఉంది. రెండేళ్లుగా వచ్చిన ఆర్డర్లన్నీ అమ్మాయిని ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించమనండి. పేరు, మెయిల్, ఊరు, ఏ రకం పప్పు, ఎంత, ఏ నెలలో. నాలుగు వందల పేర్లే వస్తే నాలుగు వందలే చాలు. వాళ్లు మీ పప్పు తిన్నవాళ్లు. ఇకమీదట ఆర్డర్ పేజీలో ‘కొత్త సరుకు కబుర్లు మెయిల్ చేయమంటారా’ అని ఒక గడి పెట్టండి. టిక్కు కస్టమరే పెట్టాలి, ముందే పెట్టి ఉంచకండి.

వాట్సాప్ గురించి మీ అనుమానం సగం నిజమే. పలాస, టెక్కలి, శ్రీకాకుళం కస్టమర్లకు వాట్సాపే సరి. కానీ హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగులు ఉదయాన్నే ఆఫీసు మెయిల్‌తో పాటు సొంత మెయిల్ కూడా తెరుస్తారు. దీపావళికి స్టాఫ్‌కు గిఫ్టులిచ్చే కంపెనీలు కొటేషన్ అడిగేదీ, పైవాళ్ల దగ్గర ఓకే చేయించుకునేదీ ఎక్కువగా మెయిల్‌లోనే. అలాంటి ఆర్డర్ ఒక్కటి దొరికినా మీ చిన్న వ్యాపారానికి పెద్దదే. వాళ్లకు సెప్టెంబరులోనే రాయాలి. పండగ వారంలో రాస్తే అప్పటికే ఎవరో ఒకరు ఇచ్చేసి ఉంటారు.

ఇక మెయిల్‌లో ఏం రాయాలి? చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. వాట్సాప్‌లో తిప్పే పండగ పోస్టర్‌నే ఒకే బొమ్మగా మెయిల్‌లో అతికించి ‘భారీ తగ్గింపు, త్వరపడండి’ అని పంపిస్తారు. బొమ్మ లోడవకపోతే అవతలివాళ్లకు కనిపించేది ఖాళీ పెట్టె. అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి, ఫోన్‌లో చదవగలగాలి. మెయిల్ సైజు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించేస్తుంది కూడా. నేనైతే సంక్రాంతికి కొన్నవాళ్లకు ఏప్రిల్‌లో ఇలా రాయమంటాను (పిక్క అంటే పెంకుతో ఉన్న జీడిగింజ, గుండు అంటే విరగని పప్పు, బద్ద అంటే రెండుగా విడిన పప్పు, డబ్ల్యూ-240 అంటే పప్పు సైజు గ్రేడు):

సబ్జెక్టు: కొత్త పిక్క వచ్చింది, శనివారం ప్యాకింగ్

‘నమస్తే అండి. సంక్రాంతికి మీరు తీసుకున్న డబ్ల్యూ-240 గుండు ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఈ ఏడాది పిక్కతో తీసిన పప్పు ఈ శనివారం ప్యాక్ చేస్తున్నాం. అరకిలో, కిలో ప్యాకెట్లు ఉన్నాయి. పాయసానికీ, ఉప్మాకూ అయితే బద్ద తీసుకోండి, గుండుకు అంత డబ్బు పెట్టక్కర్లేదు. ఆర్డర్ చేయడానికి ఇక్కడ నొక్కండి.’

అంతే. ఆ బద్ద మాట చూడండి. తక్కువ ధర సరుకు కొనమని అమ్మేవాడే చెబుతుంటే, కస్టమర్ ఆ తర్వాతి మెయిల్ కూడా తెరుస్తాడు. పేరు, కొన్న రకం, నెల ఎక్సెల్‌లో ఉన్నాయి కాబట్టే ఈ మెయిల్ రాయగలిగాం. కన్నడిగులకో, ఉత్తరాది వాళ్లకో ఇదే ముక్క ఇంగ్లిష్‌లో పంపాలి.

మొదటిసారి కొన్నవాళ్లకు మాత్రం వేరే మెయిల్ ఉండాలి. డబ్ల్యూ-320 అంటే ఏమిటో పలాసలో కూలికి వచ్చేవాళ్లకూ తెలుసు, హైదరాబాద్‌లో కొనేవాళ్లకు తెలీదు. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 పప్పులు తూగుతాయని, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దదవుతుందని రెండు ముక్కల్లో చెప్పండి. ప్యాకెట్ విప్పాక గాలి చొరని డబ్బాలో పెట్టుకోమనండి. ఇది ఆర్డర్ అందిన మర్నాడు దానంతటదే వెళ్లేలా సెట్ చేయొచ్చు, రోజూ కూర్చుని పంపనక్కర్లేదు. ఇంకో మాట, కాస్త చురుక్కుమంటుందేమో. ఆఫ్రికా పిక్క కొట్టిన రోజుల్లో మెయిల్‌లో ‘ఉద్దానం తోటల పప్పు’ అని రాయకండి. ఏది ఉంటే అదే రాయండి.

నెలకు రెండు మెయిల్స్ చాలు, పండగల్లో ఇంకొకటి. వద్దనుకునేవాళ్లు ఒక్క నొక్కుతో బయటపడే లింకు బాగా కనిపించేలా పెట్టండి. అది దొరక్కపోతే వాళ్లు నొక్కేది స్పామ్ బటనే.

టెక్నికల్ పని కొంత ఉంది. మామూలు జీమెయిల్ అకౌంట్ నుంచి రోజుకు 500 మందికి మించి పంపడం కుదరదు, వ్యాపారానికి అది బాగోదు కూడా. మీ వెబ్‌సైట్ పేరుతోనే మెయిల్ ఐడీ ఉండాలి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు డొమైన్ సెట్టింగ్స్‌లో పెట్టాలి. మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని జీమెయిల్ నమ్మేది వాటిని చూసే. పేరు విని టెన్షన్ పడక్కర్లేదు, మెయిల్ సర్వీసు ఇచ్చే వరుసల్ని కాపీ చేసి పెట్టడమే. బ్రెవో, జోహో క్యాంపెయిన్స్, మెయిల్‌చింప్‌లలో ఏదైనా మీ సైజుకు సరిపోతుంది. ఉచిత ప్లాన్ మీ లిస్టుకు సరిపోతే దాంతోనే మొదలుపెట్టండి, పరిమితులు మారుతుంటాయి కాబట్టి చేరేరోజు చూసుకోండి.

ఫలితం ఎలా కొలవాలో అమ్మాయికి మొదట్లోనే తెలియాలి. ఎంతమంది తెరిచారన్న లెక్కను నమ్మొద్దు. 2021 సెప్టెంబరులో యాపిల్ తన మెయిల్ యాప్‌లో పెట్టిన ప్రైవసీ ఏర్పాటు వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టే నమోదవుతుంది. లింకు ఎందరు నొక్కారు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఎందరు లిస్టులోంచి వెళ్లిపోయారు, ఈ మూడూ రాసుకుంటే చాలు. నాలుగు వందల మంది లిస్టులో సగం మందికి ఒక సబ్జెక్టు లైను, సగం మందికి ఇంకొకటి పంపి పోటీ పెట్టి, ఇద్దరు ఎక్కువ నొక్కారని అదే మేలని తేల్చేయడం కూడా వద్దు.

ఇప్పుడు ఉద్యోగం మాట. ఈమెయిల్ మార్కెటింగ్ ఒక్కటే పనిగా ఉండే పోస్టులు మన శ్రీకాకుళం, విజయనగరాల్లో వెతకొద్దు. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో సీఆర్‌ఎం ఎగ్జిక్యూటివ్, రిటెన్షన్ మార్కెటింగ్, లైఫ్‌సైకిల్ మార్కెటింగ్ అనే పేర్లతో ఉంటాయి. ఒకసారి కొన్న కస్టమర్ మళ్లీ కొనేలా చూసుకునే పనులన్నమాట. కొన్ని ఇంటి నుంచే చేసుకోవచ్చు. అలాంటి ప్రకటనలు నౌకరీలోనో లింక్డిన్‌లోనో ఒక పది తెరిచి, ఏమేం అడుగుతున్నారో అమ్మాయినే రాసుకోమనండి. ఎక్సెల్, కొంచెం హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే కోడ్), తప్పుల్లేని ఇంగ్లిష్ దాదాపు అన్నిచోట్లా కనిపిస్తాయి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ‘మా నాన్నగారి వ్యాపారానికి పది మెయిల్స్ పంపాను, ఇవీ నా లెక్కలు, మూడోది ఎందుకు తేలిపోయిందంటే’ అని చెప్పగలిగిన పిల్ల మాట నిలుస్తుంది.

అందుకని నలభై వేలు ఇప్పుడే కట్టకండి. హబ్‌స్పాట్ అకాడమీలో ఈమెయిల్ మార్కెటింగ్ కోర్సు ఉచితం, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. అది చేస్తూ ఆరు నెలలు మీ లిస్టు నడపనివ్వండి. మెయిల్ ఖర్చులు, పంపే తేదీ, రాసే మాట తన ఇష్టానికే వదిలేయండి. రోజూ వెనక నిలబడి ‘ఇంకా ఆర్డర్ రాలేదా’ అని మాత్రం అడగొద్దు. తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే, ఆ ఇన్‌స్టిట్యూట్‌కు అమ్మాయినే పంపి ‘నిజమైన కస్టమర్ల లిస్టు మీద మాతో పని చేయిస్తారా, లేక స్లైడ్లేనా’ అని అడిగించండి. అప్పటికి ఆ జవాబులో పస ఎంతో తనే పట్టుకోగలదు.

బ్యాంకు కోచింగ్ సంగతి తన మనసులో ఏముందో విడిగా, నెమ్మదిగా అడగండి. నిజంగా ఆసక్తి ఉంటే ఈ పనికి రోజుకు రెండు గంటలు పోగా చదువుకోవడానికి సమయం మిగులుతుంది. మీ బలవంతం మీద చేరితే ఆ ఫీజు కూడా వృథాయే.

తోటల్లో పిక్క మార్చి నుంచి దిగుతుంది కదా. కొత్త కస్టమర్లకు వెళ్లే ఆ మొదటి మెయిల్, డొమైన్ రికార్డులు ఫిబ్రవరి నెలాఖరుకే సిద్ధం చేయించండి. సీజన్ మొదలయ్యాక ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు.