ఆరోగ్య సమాధానాలు: అన్నం మానవద్దు, కూర పెంచండి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, గృహిణిని. ఇటీవల చేయించుకున్న రక్తపరీక్షలో పరగడుపున షుగరు 112, హెచ్‌బీఏ1సీ 6.1 శాతం వచ్చాయి. మందులు ఇప్పుడే అవసరం లేదని, జీవనశైలి మార్చుకోమని డాక్టరు గారు చెప్పారు. ఆ రోజు నుంచే అన్నం మానేసి చపాతీలు మొదలుపెట్టాను. తెల్లవారుజామున ఐదింటికి లేచి గంటసేపు నడక, పొద్దున రాగి జావ, సాయంత్రం మెంతుల నీళ్లు, రాత్రి పళ్లు మాత్రమే. బరువు తగ్గుదామని ఇంతకు ముందు కూడా ఇలాగే చేశాను. ఏదో ఒక పెళ్లి వచ్చేసరికో, పిల్లల పరీక్షలు వచ్చేసరికో అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఈసారైనా నిలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ డాక్టరు గారు చెప్పింది సరైన మాటే. రక్తంలో చక్కెర సుమారు మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే దానిని మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. ఈ దశలో ఉన్న అందరికీ మధుమేహం వచ్చి తీరాలని లేదు. అయితే పట్టించుకోకుండా వదిలేస్తే వచ్చే అవకాశం మనవారిలో చాలా ఎక్కువ. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఈ ముందు దశలో ఉన్నవారిపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు సలహాతో సరిపెట్టినవారిలో మూడేళ్లు తిరిగేసరికి నూటికి 55 మందికి మధుమేహం రాగా, తిండిలోనూ నడకలోనూ మార్పులు చేసుకున్నవారిలో 39 మందికే వచ్చింది. వారి బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినా ఈ మేలు కనిపించింది. కాబట్టి త్రాసు ముల్లు కదలడం లేదని మీరు నిరుత్సాహపడవలసిన పని లేదు.

మీరు మొదలుపెట్టినవి ఐదు మార్పులు, అన్నీ ఒకే రోజున. పైగా వాటిలో చాలావరకు ఇంట్లో మీ ఒక్కరికే వర్తించేవి. అంటే ఇంటిల్లిపాదికీ ఒక వంట, మీకొక వంట. ఏళ్ల తరబడి రెండు వంటలు చేసే ఓపిక ఏ ఇల్లాలికి ఉంటుంది? పెళ్లి పనులో, పరీక్షలో వచ్చినప్పుడు మీరు ముందుగా వదిలేసేది మీ కోసం చేసుకునే వంటనే. అందుకని నా సలహా ఏమిటంటే, మీ కోసం విడిగా ఏదీ చేసుకోకుండా, ఇంట్లో అందరూ తినే భోజనంలోనే పాళ్లు మార్చండి.

మన భోజనం తీరు ఒకసారి పరిశీలించండి. పప్పుతో కొంత అన్నం, కూరతో కొంత, చారుతోనో పులుసుతోనో మరికొంత, చివర పెరుగుతో ఇంకొంత కలుపుకొంటాము. ప్రతిదానికీ విడిగా అన్నం కలుపుకోవడం వల్ల, ఒక్కొక్కటి కొంచెమే అనిపించినా మొత్తం మీద పళ్లెంలో అన్నమే ముప్పాతిక భాగం అవుతుంది. కూర, అందులోనూ వేపుడైతే, నంజుకోవడానికి రెండు చెంచాలకు మించదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు, రోజుకు 2000 కిలోకేలరీలు అవసరమైన వ్యక్తికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు ఉండాలని సూచిస్తున్నాయి. బియ్యం, గోధుమలు, జొన్నలు, రాగులు అన్నీ కలిపే ఆ 250 గ్రాములు. ఉదయం టిఫినుకు 70 గ్రాములు పోతే, రెండు పూటల భోజనానికీ 180 గ్రాముల బియ్యం మిగులుతుంది. ఎక్కువగా ఇంటిపట్టునే ఉండే మీకు ఇంకా కొంచెం తక్కువే సరిపోతుంది. ఇప్పుడు మీరు తలకు ఎన్ని గ్రాముల బియ్యం పోస్తున్నారో ఒక్కసారి తూచి చూడండి. వంటింట్లో బియ్యం కొలిచే గ్లాసులో ఎంత పడుతుందో తెలిస్తే, తర్వాత తూకం అవసరం ఉండదు.

మొదటి రెండు మూడు వారాలు ఒక్క పని చేయండి. పళ్లెంలో అన్నం కంటే ముందు కూర వడ్డించుకోండి. బీరకాయో, దొండకాయో, గోరుచిక్కుడో, తోటకూరో, ఏది వండినా పళ్లెంలో సగం చోటు దానికే ఇవ్వండి. పప్పు గట్టిగా వండుకొని గరిటెడు వేసుకోండి. ఆ తర్వాత మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. పప్పు, కూర, పెరుగు అన్నీ ఆ అన్నంతోనే పూర్తి కావాలి, మారు వడ్డించుకోకూడదు. కూర ఇంత తినాలంటే వేపుడుగా చేస్తే నూనె చాలా పడుతుంది కాబట్టి, వారంలో ఎక్కువ రోజులు పెసరపప్పు వేసిన కూరగానో, ఆవపెట్టిన కూరగానో, మగ్గబెట్టిన కూరగానో చేయండి. మీ పిల్లలకూ, మీ వారికీ కూడా ఇదే భోజనం మేలు చేస్తుంది.

చపాతీల సంగతి. మీకు ఇష్టమైతే తినండి గాని, అన్నం బదులు నాలుగు చపాతీలు తింటే పిండిపదార్థం విషయంలో మీకు కలిసి వచ్చేది పెద్దగా ఏమీ లేదు. ఆ 250 గ్రాముల్లో గోధుమలూ లెక్కే. రాగి జావ మీద మన వారికి ఉన్న నమ్మకం గొప్పది, రాగుల్లో కాల్షియం సమృద్ధిగా ఉన్న మాటా నిజమే. అయితే మెత్తటి పిండిని నీళ్లలో ఉడికించి తాగినప్పుడు అది త్వరగా అరిగి రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. జావకు బదులు రాగి దోసెతోనో, రాగి రొట్టెతోనో పప్పు కూర తింటే ఆ వేగం తగ్గుతుంది. రాత్రి పళ్లు మాత్రమే తినడం మానేయండి. దానివల్ల మాంసకృత్తులు అందవు, పదింటికి మళ్లీ ఆకలి వేస్తుంది. మెంతుల నీళ్లు తాగినా, తాగకపోయినా పైన చెప్పిన మార్పు మాత్రం తప్పదు.

భోజనంలో పాళ్లు అలవాటయ్యాక రెండో మార్పుగా నడకను చేర్చండి. తెల్లవారుజామున గంటసేపు నడిచే వీలు ఉన్నవారికి అది మంచిదే. మీ వంటి వారికి నేను చెప్పేది, రాత్రి భోజనం చేసిన వెంటనే డాబా మీదనో, వీధిలోనో పది పదిహేను నిమిషాలు మామూలు వేగంతో నడవమని. తిన్న తర్వాత రక్తంలోకి చక్కెర చేరుతున్న సమయంలోనే కాళ్ల కండరాలు పనిచేస్తే, అవి ఆ చక్కెరను నేరుగా లాక్కుంటాయి. ఇందుకు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడవలసిన అవసరం కూడా లేదు. భోజనం ఎలాగూ ప్రతి రాత్రీ ఉంటుంది కాబట్టి, దాన్ని ఆనుకొని ఉన్న నడకను మరచిపోవడమూ తక్కువే. పెళ్లి ఇంట్లో ఉన్నా కల్యాణ మండపం చుట్టూ ఒక నడక నడవవచ్చు. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోండి. ఆ పరీక్ష సుమారుగా అంతకాలపు సగటును చూపుతుంది కాబట్టి, అంతకంటే ముందే చేయించుకుంటే మార్పు పూర్తిగా తెలియదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 34. రోజుకు పదివేల అడుగులు నడవాలని వాచీ పెట్టుకున్నాను. చాలా రోజులు నాలుగైదు వేలు దాటడం లేదు. అలాంటప్పుడు నడిచి ప్రయోజనమేమిటని పూర్తిగా మానేస్తున్నాను. రాత్రి ఒంటి గంట దాటితే గాని నిద్ర పట్టదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పదివేలు అనే అంకె వైద్య పరిశోధనలో తేలినది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల కొలత పరికరం ద్వారా ప్రచారంలోకి వచ్చినది. నాలుగు వేల నుంచి ఆరు వేలకు పెరిగినా మేలు మేలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామాన్ని సూచిస్తుంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత నియమాన్ని 2020లో తొలగించింది. అంటే మీటింగుకూ మీటింగుకూ మధ్య నాలుగు నిమిషాలు చురుకుగా నడిచినా, లిఫ్టు వదిలి మూడంతస్తులు మెట్లెక్కినా ఆ లెక్కలోకి వస్తుంది. ఫోనులో మాట్లాడే పని ఉన్నప్పుడల్లా కుర్చీ వదిలి నడుస్తూ మాట్లాడటాన్ని అలవాటు చేసుకోండి. వారానికి రెండు రోజులు కండరాలకు బలం ఇచ్చే వ్యాయామం కూడా ఉండాలని అదే సంస్థ చెబుతోంది. గుంజీళ్లు, గోడకు చేతులు ఆనించి చేసే దండీలు మీ గదిలోనే మొదలుపెట్టవచ్చు.

నిద్ర విషయంలో నేను మిమ్మల్ని ముందుగా అడిగేది మీ చివరి టీ లేదా కాఫీ ఎన్ని గంటలకు అని. ఒంట్లో చేరిన కెఫిన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీలో సగం పదకొండు గంటలకు కూడా మీలో పనిచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత వాటిని ఆపి చూడండి. రాత్రి పడుకునే వేళను బలవంతంగా ముందుకు జరపడం కష్టం గాని, ఉదయం లేచే వేళను శని, ఆదివారాలతో సహా ఒకే గంటకు కట్టుబడి ఉంచడం మీ చేతిలో ఉంది. అది కుదురుకుంటే నిద్ర వేళ దానంతట అదే ముందుకు వస్తుంది. ఇంట్లోవారు మీ గురక గట్టిగా ఉందని, నిద్రలో ఊపిరి ఆగినట్లవుతోందని అంటే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించుకోవాలి.

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు, బీపీ మందులు వాడుతున్నారు. ఉప్పు తగ్గించమని చెప్పారు. ఆవకాయ లేనిదే ఆవిడకు ముద్ద దిగదు. సైంధవ లవణం వాడితే ఫరవాలేదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సైంధవ లవణం కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. అందువల్ల అది వాడినా కొలత తగ్గవలసిందే. రోజు మొత్తానికి ఒక మనిషికి ఐదు గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కూరలో, పప్పులో, చారులో, ఇడ్లీ పిండిలో, మజ్జిగలో వేసినదీ, పచ్చడిలో, అప్పడంలో, ఊరమిరపకాయలో ఉన్నదీ అంతా కలిపి ఈ చెంచాలోనే ఇమడాలి.

ఆవకాయ ఏడాది పాటు చెడిపోకుండా ఉండేది ఉప్పు వల్లనే కాబట్టి అందులో దాన్ని తగ్గించే వీలు లేదు, తినే కొలతనే తగ్గించాలి. 68 ఏళ్ల మనిషి చేత ఆవకాయ పూర్తిగా మాన్పించడం నాకు ఇష్టం లేదు. రుచి పోయి తిండి తగ్గిపోతే, ఆ వయసులో నీరసం మరో సమస్య అవుతుంది. జాడీని, పచ్చడి గిన్నెను భోజనాల దగ్గర పెట్టకుండా, ఒక చిన్న ముక్క, గుజ్జు విదిల్చి, ఒక పూటకు మాత్రమే వడ్డించండి. ఆవకాయ ఉన్న పూట అప్పడం వద్దు. మిగతా వంటలో ఇంటిల్లిపాదికీ ఉప్పును ఒక్కసారిగా కాకుండా వారం వారం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తే నాలుక కొన్ని వారాల్లో ఆ రుచికి అలవాటు పడుతుంది. నిమ్మరసం, చింతపండు, ధనియాల పొడి, వెల్లుల్లి, కరివేపాకు ఈ లోటును చాలావరకు పూడుస్తాయి. సోడియం తక్కువని బజారులో అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల సమస్య ఉన్నవారికి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికి అది ప్రమాదం కావచ్చు కాబట్టి, ఆవిడ డాక్టరును అడగకుండా కొనవద్దు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, హాస్టల్లో ఉంటాను. హిమోగ్లోబిన్ 10.2 ఉంది. రోజూ ఖర్జూరాలు తింటున్నా పెరగడం లేదు.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ వయసు అమ్మాయిలకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 10.2 ఉన్నప్పుడు తిండి ఒక్కటే చాలదు, వైద్యులు రాసిచ్చిన ఐరన్ మాత్రలు వారు చెప్పినంత కాలం వాడాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ సంగతి కూడా దాచకుండా చెప్పండి. హాస్టల్లో మీ చేతిలో ఉన్నది ఒకటుంది. టిఫిను తినగానే టీ తాగే అలవాటు ఉంటే టిఫిను అయిన గంట తర్వాత తాగండి. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. మెస్సులో ఆకుకూర పప్పు, శనగలు పెట్టిన రోజున వాటి మీద నిమ్మకాయ పిండుకోండి, లేదా భోజనం తర్వాత ఒక జామకాయ తినండి. విటమిన్ సి ఉంటే ఆ ఇనుము బాగా ఒంటబడుతుంది. ఐరన్ మాత్రను పాలతో గాని, టీతో గాని వేసుకోవద్దు.