క్షణం నాలుగు నిమిషాలైతే, క్షణికం ఎంతసేపు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కాలేజీ పత్రికకు బౌద్ధం మీద వ్యాసం రాస్తూ "బౌద్ధుల ప్రకారం ప్రతి వస్తువూ క్షణకాలం మాత్రమే ఉంటుంది" అన్నాను. అమరకోశం లెక్కన క్షణమంటే నాలుగు నిమిషాలని మా తాతగారు అడ్డు చెప్పారు. మరి క్షణికమంటే నాలుగు నిమిషాలు ఉండేదా? క్షణికం, అనిత్యం ఒకటేనా? గడియ అని రాయాలా, ఘడియ అనా?

జవాబు: మీ తాతగారి లెక్కలో తప్పు లేదమ్మా. అమరంలో 18 నిమేషాలు (రెప్పపాట్లు) ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక రోజు. ముహూర్తానికి 48 నిమిషాలు కాబట్టి క్షణానికి సరిగ్గా నాలుగు.

బౌద్ధ ఆచార్యుడు వసుబంధుడు రాసిన అభిధర్మకోశంలో పట్టిక వేరు. 120 క్షణాలు ఒక తత్క్షణం, 60 తత్క్షణాలు ఒక లవం, 30 లవాలు ఒక ముహూర్తం. రోజుకు 30 ముహూర్తాలన్నది ఇక్కడా అంతే. గుణిస్తే రోజుకు 64,80,000 క్షణాలు, అంటే సెకనుకు 75. అమరం చెప్పే ఒక్క క్షణంలో ఇవి 18,000 పడతాయి. అమరం లెక్కన రోజుకు నిమేషాలు ఎన్నో చూస్తే 58,32,000 తేలుతుంది. అక్కడి నిమేషానికీ ఇక్కడి క్షణానికీ పెద్ద తేడా లేదన్నమాట. ఒకరి కొలతను ఇంకొకరి మాటకు తగిలిస్తేనే చిక్కు. రెప్పపాటుకు పేరైన నిమేషమే కదా ఇవాళ అరవై సెకన్ల నిమిషమై కూర్చుంది!

అలాగని నాలుగు నిమిషాలు కొట్టేసి "సెకనులో 75వ వంతు ఉంటుంది" అని దిద్దుకోకండి. అదీ సరిపడదు. క్షణమంటే ఏమిటని వసుబంధుడే ప్రశ్న వేసుకుని "ఆత్మలాభోఽనంతరవినాశీ" అన్నాడు. వస్తువు తన ఉనికిని పొందడం, పొందిన వెంటనే నశించడం. అది కలది క్షణికం, "దండికుడిలాగా" అని వ్యాకరణం కూడా విప్పాడు. దండం కలవాడు దండికుడు. పాణిని 5.2.115 సూత్రం చెప్పే ఠన్ ప్రత్యయం, 'ఇక'గా మారేది, రెండు చోట్లా అదే. అయితే దండం వేరు, పట్టుకున్న మనిషి వేరు. క్షణం అలా వస్తువుకు విడిగా ఉండదు. ఈ పోలికను మాటల కూర్పు వరకే తీసుకోవాలి, అర్థంలోకి లాగకూడదు.

మీ వాక్యంలో లోపం 'క్షణకాలం ఉంటుంది' అన్నచోటే ఉంది. ఆ మాట వినగానే కాలమనే పాత్ర ఒకటి ముందే ఉన్నట్టు, వస్తువు అందులో కాసేపు కూర్చుని లేచిపోయినట్టు తోస్తుంది. అది వైశేషిక దర్శనం వాళ్ల మాట. వాళ్లకు కాలం తొమ్మిది ద్రవ్యాల్లో ఒకటి, నిత్యం, ఒక్కటే. క్షణాలు, రోజులు అన్నవి దాన్ని మనం విడగొట్టి చెప్పుకోవడానికి పెట్టుకున్న ఉపాధులు, అంటే పైపై గుర్తులు. బౌద్ధుడికి అలాంటి పాత్ర లేదు. యోగసూత్రాలకు వ్యాఖ్య అయిన యోగభాష్యం కూడా ఇందులో బౌద్ధానికి దగ్గరగా వచ్చి, కాలమన్నది వస్తువు లేని బుద్ధినిర్మాణం అంటుంది. అందుకే "బౌద్ధుల ప్రకారం ప్రతి వస్తువూ పుట్టిన వెంటనే నశిస్తుంది, నిలిచినట్టు కనబడేది ఒకదాని వెంట ఒకటి పుట్టే వరస" అని రాయండి. కాలకొలత ప్రసక్తే రాదు.

అనిత్యం దీనికన్నా విశాలమైన మాట. నూరేళ్లు వాడాక పగిలిన కుండ అనిత్యమే. ఆ మాటకు బౌద్ధుడితో వాదించే నైయాయికుడూ (న్యాయదర్శనం వాడు) ఒప్పుకుంటాడు. అదే కుండ ఆ నూరేళ్లూ ప్రతి క్షణం పుట్టి నశిస్తోందంటే మాత్రం ఒప్పుకోడు. వాదమంతా అక్కడే. క్షణికమైనదంతా అనిత్యమే కాని, అనిత్యమైనదంతా క్షణికమని అనడానికి బౌద్ధుడు వాదించి గెలవాలి.

మీకు దగ్గర్లోనే ఇంకో అర్థం రాతిమీద ఉంది. గంజాం జిల్లా జౌగడలోని అశోకుడి ప్రత్యేక శాసనంలో 'ఖన' అన్న ప్రాకృత రూపం కనబడుతుంది. తిష్య (పుష్యమి) నక్షత్రం రోజున శాసనాన్ని వినాలని, మధ్యలో వీలు చిక్కినప్పుడు ఒక్కరైనా వినవచ్చని చెప్పేచోట వాడారు. అక్కడ అది కొలత కాదు, అదను. మీ ఒడియా స్నేహితుల నోట 'ఖ్యణ' అని వింటున్నారు కదా, సంస్కృతం 'క్ష' వాళ్ల ఉచ్చారణలో అలా పలుకుతుంది.

ఇక గడియ. సంస్కృతం ఘటిక తద్భవమై ఒత్తు జారి గడియ అయింది. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగిగిన్నెను నీళ్లమీద వదిలితే అది నిండి మునిగేంతసేపు ఒక గడియ, 24 నిమిషాలు. రోజుకు 60 మునకలు. ఆ గిన్నెకు తెలుగులో గడియకుడుక అని పేరు. బెజ్జంలో నలక అడ్డుపడితే గిన్నె ఆలస్యంగా మునుగుతుంది, గడియ సాగుతుంది. బెజ్జం అరిగి పెద్దదైతే గడియ కుదించుకుపోతుంది. ఘడియ అన్నదీ వాడుకలో పాతుకుపోయింది కాబట్టి తప్పని కొట్టెయ్యను. నేను మాత్రం గడియ అనే రాస్తాను. ఘడియ అని రాసేవాళ్లు కూడా గోడమీది దాన్ని గడియారమనే అంటారు.